అతుకులో వెంట్రుక

మేడమెట్ల కింది గది,
జనవరి 27

నా జీరంగికి పెద్దమ్మ రాసేది,

నీ ఒంట్లో ఎలా ఉంది? భూతద్దం మీదికి వంగి వంగి మెడ పట్టేసిందన్నావు, తగ్గిందా? అల్లుడి మోకాలు ఎలా ఉంది? సైకిలు మానమన్నానని చెప్పావా, లేక నా మాట నీ దగ్గరే ఆపేశావా? మనవరాలి పన్ను ఊడిందా, ఇంకా వేలాడుతోందా? వేలాడుతుంటే నిద్రలో మింగేస్తుందేమో, చూసుకో. మీ కింది వాటాలో టీచరుగారి దగ్గు ఏమైంది? అంతకాలం దగ్గితే డాక్టరుకి చూపించుకోవాలని ఎవరైనా చెప్పారా ఆవిడకి?

నేను బాగానే ఉన్నాను. అంటే లేచి తిరుగుతున్నాను. చెయ్యి టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతోంది, అంతే. తలుపు గడియ ఊడింది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే ఎవరో వచ్చారని లేస్తున్నాను.

కిందటి ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశావు. నేనిచ్చిన పెట్టెలోని ఏడు బంకరాళ్ళలో ఒకదాంట్లో ఉన్న పురుగు ఇంతవరకూ ఎవరూ చూడనిదని, దాని గురించి పెద్ద చదువుల పత్రికలో రాస్తున్నావని. ఏ రాయో రాయలేదు. మీరు అంబర్ అంటారేమో కానీ నేను రాళ్ళకి సాన పట్టిన కొట్టులో అది బంకరాయే. చెట్టు కార్చిన బంక రాయయ్యేదాకా ఆగిందే, నువ్వు ఒక్క ఉత్తరం ఆగలేవా?

ఏ రాయి? గుండ్రటిదా, చిక్కుడుగింజలా ఉండేదా? గుండ్రటిదైతే మంచిది. చిక్కుడుగింజ అయితే వదిలెయ్, దాంట్లో ఏముంది, రంగు కూడా సరిగ్గా తేరలేదు. చిన్నప్పుడు నీ మెడలో నేను కట్టిన పూస కాదు కదా? దాన్ని పత్రికలకెక్కించకు. అది నీ మెడలోనే ఉండాలి.

వెంటనే రాయి. ఈ వారం ఉత్తరం రాకపోతే నాకేదో అయిందని కాదు, నీకేదో అయిందని అనుకుంటాను.

పెద్దమ్మ


మ్యూజియం, రెండో అంతస్తు, పురుగుల గది,
ఫిబ్రవరి 9

పెద్దమ్మా,

నువ్వడిగిన వరసలోనే చెబుతాను. నా మెడ తగ్గింది. మీ అల్లుడు సైకిలు మానలేదు, "పెద్దత్తయ్య చెప్పిందంటే మానాల్సిందే" అంటూనే ఎక్కి వెళ్ళాడు. పన్ను ఊడింది, మింగలేదు, రొట్టెముక్కలో దొరికింది. టీచరుగారు దగ్గు తగ్గి ఇప్పుడు పాటలు పాడుతున్నారు. దగ్గే నయం.

చిక్కుడుగింజే పెద్దమ్మా! నువ్వు తీసిపారేసిన ఆ చిక్కుడుగింజే. నువ్వుగింజంత పురుగు. మీసాలు విసనకర్రల్లా విప్పుకుని ఉన్నాయి. వీపు మీద గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, నిన్న సాయంత్రం వచ్చి వాలిందా అనిపిస్తుంది. దాని వయసు నాలుగు కోట్ల ఏళ్ళు. వెనక ఎడమ కాలు మాత్రం కీలు దగ్గర విరిగి కాస్త పక్కకి జరిగింది. బంకలో చిక్కుకుని, పాపం, గింజుకుని విరగ్గొట్టుకుంది. నా వ్యాసంలో ఆ మాటే రాశాను.

దానికి నీ పేరు పెడుతున్నాను. కాదనకు.

నీకు తెలుసుగా, ఇక్కడ నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈ వ్యాసం అచ్చయితే ఖాయం చేస్తామని మా పెద్దసారు తన నోటితో అన్నారు. పదకొండేళ్ళు ఈ మాట కోసమే కూర్చున్నాను.

ఒక కాగితం నింపాలి. "సాన పట్టడం కాక ఈ రాయిని అతకడం, వేడి చెయ్యడం, రంగు వెయ్యడం జరిగిందా?" అని అడిగారు. సాన పట్టింది నువ్వే కాబట్టి నీ మాట కావాలి. అవుననో కాదనో ఒక్క ముక్క రాస్తే చాలు, కింద నేను సంతకం పెడతాను.

నీ జీరంగి


మేడమెట్ల కింది గది,
ఫిబ్రవరి 16

జీరంగీ,

ఏం చెయ్యలేదు. తడి సాన మీద పట్టాను, సుద్దగుడ్డతో మెరుగు పెట్టాను, అంతే. ఇంకేం చేస్తారు రాయిని?

ఆ కాగితాలు అందరితోనూ నింపిస్తారా, నిన్నొక్కదాన్నే అడిగారా?

పురుగుకి నా పేరేమిటే? రేపు దాని సంతానం ఎక్కడైనా బతికుండి, ఎవరైనా కాలితో తొక్కితే నన్ను తొక్కినట్టు కాదూ? వద్దు. మీ పెద్దసారు పేరు పెట్టు, ఆయనా సంతోషిస్తాడు. అసలు గుండ్రటి రాయి ఒకసారి సరిగ్గా చూడరాదూ? దాంట్లో పురుగు లావుగా, నిండుగా ఉంటుంది. నువ్వు చిన్నప్పుడు దానికి పోలీసు అని పేరు పెట్టావు.

నేను బాగున్నాను. గడియ బిగించారు. ఇప్పుడు తలుపు ఒక పట్టాన తెరుచుకోవటంలేదు. లోపల ఇరుక్కుపోతానేమోనని గొళ్ళెం వెయ్యకుండా పడుకుంటున్నాను.

మీ పెద్దసారు భూతద్దం నీదానికన్నా పెద్దదా?

పెద్దమ్మ


ఇంటి నుంచి,
మార్చి 20

పెద్దమ్మా,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పురుగుల గది తాళంచెవి నా దగ్గర లేదు. నిన్న ఇచ్చేయమన్నారు.

పెద్దసారు చిక్కుడుగింజని పెద్ద యంత్రం కింద పెట్టారు. నావల్ల కానిది అది చూపిస్తుంది. పురుగు పొట్ట పక్కనుంచి సన్నటి గీత. గీత పొడుగునా ఒక వెంట్రుక. మనిషిది.

"నాలుగు కోట్ల ఏళ్ళ కిందట ఎవరమ్మా జడ వేసుకుంది?" అన్నారు ఆయన. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకింకా అర్థం కాలేదు. తర్వాత ఆయన నవ్వడం ఆపి నా తలవైపు చూశారు. ఆ వెంట్రుక నల్లగా, తిన్నగా, పొడుగ్గా ఉంది. ఆ గదిలో అలాంటి జుట్టున్నది నా ఒక్కదానికే.

రాయిని రెండుగా కోసి, ఎక్కడిదో పురుగుని లోపల పెట్టి అతికించానని వాళ్ళ అనుమానం. పత్రికకి పంపిన వ్యాసం వెనక్కి తెప్పించారు. రాళ్ళన్నీ పెద్దసారు సొరుగులో పెట్టి తాళం వేశారు. మే 8న విచారణ. ఆ రోజు నా మాట నిలబడకపోతే ఈ ఉద్యోగమే కాదు, ఇంకే మ్యూజియమూ నన్ను గడప తొక్కనివ్వదు. దొంగ పురుగు చేసినదాన్నని నా వెనకే వస్తుంది ఆ మాట.

"అతకలేదు" అన్నచోట సంతకం నాది. నీ మాట మీద పెట్టాను.

మీ సానకొట్టులో ఏం చేసేవాళ్ళు? ఆ రాయికి ఏం జరిగింది? నా మెడ, మీ అల్లుడి మోకాలు ఇప్పుడు అడక్కు. దీనికొక్కదానికే జవాబు రాయి.


మేడమెట్ల కింది గది,
మార్చి 28

జీరంగీ,

ఒంట్లో బాగాలేదు. జ్వరంలా ఉంది, జ్వరం కాదు. ఎక్కువసేపు కూర్చుని రాయలేకపోతున్నాను. మనవరాలికి ఊలు మేజోళ్ళు అల్లి పంపుతున్నాను. ఎడమది కాస్త పెద్దదొచ్చింది.

పెద్దమ్మ


ఇంటి నుంచి,
ఏప్రిల్ 4

పెద్దమ్మా,

మేజోళ్ళు అందాయి. జవాబు అందలేదు.


మేడమెట్ల కింది గది,
ఏప్రిల్ 10

జీరంగీ,

నాలుగు కాగితాలు చించేశాక ఇది రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

ఆ వెంట్రుక నాది.

మా కొట్టులో ముగ్గురం అతికేవాళ్ళం. నేను, ఉంగరాల జుట్టావిడ, బట్టతలాయన. బంకరాయి పెళుసు. సాన మీద పెడితే పదింట్లో ఒకటి పగిలిపోతుంది. పగిలినదాన్ని పారెయ్యరు. దాని పొడినే స్పిరిట్‌లో నానబెట్టి రెండు ముఖాలకీ పూసి, గుడ్డతో బిగించి కట్టి, వెచ్చటి బూడిదలో మూడు రోజులు ఉంచేవాళ్ళం. తీశాక కంటికి ఆనదు.

ఎప్పుడైనా అతుకు విడిపోతే ఎవరి చేతిపనో తెలియాలి కదా. అందుకని ఎవరు అతికితే వాళ్ళ తలవెంట్రుక ఒకటి మధ్యలో పెట్టాలని మా మేస్త్రి పెట్టిన కట్టడి. విడిపోయిన రాయి తిరిగొస్తే దీపం ముందు పట్టుకుని, "ఎవరిదే ఈ జడ? పని చేసేటప్పుడు ఎవరిమీద పెట్టావు ధ్యాస?" అని అందరి ముందూ కడిగేసేవాడు. బట్టతలాయన మీసంలోంచి పీకి పెట్టేవాడు. "నీ అతుకులు ఇలాగే విడిపోతుంటే మూతి కూడా బోడి అవుతుందిరా" అనేవాడు మేస్త్రి. మాకు అదో నవ్వులాట. ఆ వెంట్రుకని చూసి ఇన్నేళ్ళకి ఎవరైనా నిన్ను దొంగంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

అతికినట్టు బయటివాళ్ళకి చెప్పకూడదని మాచేత ఒట్టు వేయించుకున్నాడు. కొట్టు మూతపడింది, తర్వాత మేస్త్రీ పోయాడు. ఒట్టు మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది. నువ్వు కాగితం అడిగినప్పుడు పోలీసులొస్తారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నవ్వకు. కానీ నా నోరు మూయించింది ఆ భయం ఒక్కటే కాదు.

ఆ రాయిని పగలగొట్టింది నువ్వే.

నీకు ఆరేళ్ళు. మీ అమ్మని ఆసుపత్రిలో చేర్చిన వారం. ఇంట్లో ఎవరూ లేక నిన్ను నాతో కొట్టుకి తెచ్చి, నా బల్ల కింద కూర్చోబెట్టాను. చూస్తానంటే చిక్కుడుగింజ నీ చేతికిచ్చాను. అప్పుడే ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. వాడు గుమ్మంలో నిలబడి మీ అమ్మ పేరు చెప్పాడు, నేను లేచాను, నీ చేతిలోంచి రాయి జారి రాతినేల మీద పడింది. అది పగలడం, ఆ మాట చెవినపడటం ఒక్కసారే జరిగాయి. నువ్వు నా మొహం చూసి, రాయి విరిగినందుకే పెద్దమ్మ ఏడుస్తోందనుకున్నావు. "అతికించెయ్ పెద్దమ్మా, అమ్మకి చెప్పకు" అన్నావు. ఆ తర్వాత చాలారోజులు, రాయి పగలగొట్టాననే అమ్మ ఇంటికి రావటంలేదా అని అడిగేదానివి. అందుకని ఆ రాయి ఊసు నీ దగ్గర మళ్ళీ ఎత్తకూడదనుకున్నాను. నువ్వు మరిచిపోయావు. నేను బతికుండగా నీకు గుర్తు చెయ్యకూడదనుకున్నాను. ఇప్పుడు చేస్తున్నాను.

విరిగిన చోట పురుగు కాలు రెండయింది. చిన్న ముక్క ఒక పెచ్చులో, మిగిలిన పురుగంతా రెండో పెచ్చులో. కాలుకి కాలు ఎదురు రావాలని సూదిమొనతో ఒక సాయంత్రమంతా సర్దాను. అయినా వెంట్రుకవాసి పక్కకి జరిగింది. అది గింజుకుని విరగ్గొట్టుకోలేదే జీరంగీ. నువ్వు విరగ్గొట్టావు, నేను అతికాను. కానీ పురుగుని నేను పెట్టలేదు. అది నాకన్నా ముందునుంచీ అక్కడే ఉంది.

మేస్త్రి మాత్రం పట్టేశాడు. దీపం ముందు పట్టుకుని, "ఇది నీ జడేగా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. రాయిని పక్కన పెట్టాడు, అమ్మలేదు. కొట్టు మూసేసిన రోజు మిగిలిన రాళ్ళతోబాటు నా చేతిలో పెట్టాడు.

ఇంకొకటుంది. ఇదీ చెప్పేస్తే నా దగ్గర ఇంకేమీ మిగలదు. నీ మెడలోది నిజం రాయి కాదు. రాయి నిజమే, లోపలి పురుగు నేను పెట్టింది. చిక్కుడుగింజ బూడిదలో ఉన్న మూడు రోజులూ, పురుగు కావాలని నువ్వు అన్నం ముట్టలేదు. పిండిడబ్బాలో ఒకటి చచ్చి కనపడింది. విరిగిన పూస ఒకటి తీసుకుని, మధ్యలో ఆ పురుగుని పెట్టి అతికి, నీ మెడలో కట్టాను. "ఇది మనుషులకన్నా ముందు పుట్టింది, దీనికేమీ కాదు" అన్నాను. నువ్వు నమ్మావు. నమ్మి ఇంత చదువు చదివావు. నేను చేసిన పాపం ఏదైనా ఉంటే అదే.

పెద్దమ్మ


ఇంటి నుంచి,
ఏప్రిల్ 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. మీ అల్లుడు భయపడి టీచరుగారిని పిలుచుకొచ్చాడు, ఆవిడ పాట పాడబోతే అప్పుడు లేచాను.

రాయి పడ్డ చప్పుడు నాకు గుర్తుంది. ఏ చప్పుడో ఇన్నేళ్ళూ తెలియలేదు. ఏదైనా పగిలితే నా చేతులు ఎందుకు చల్లబడతాయో ఇప్పుడు తెలిసింది. నీ మీద కోపం ఉంది. అబద్ధమని తెలిసీ నాచేత సంతకం పెట్టించావు. ఆ కోపం మే 8 తర్వాత పడతాను, దాచి ఉంచాను.

ఇక నా మెడలోది. చదువుకి చేరిన మొదటి ఏడు, మొదటి వారంలోనే దాన్ని భూతద్దం కింద పెట్టాను. పిండిపురుగు! నాలుగు కోట్ల ఏళ్ళ కిందట పిండి ఎవరు విసిరారు పెద్దమ్మా? ఆరు కాళ్ళూ బుద్ధిగా ముడుచుకుని పడుకుంది, చచ్చాక పెట్టినదానిలాగే. ఆ రోజు చాలాసేపు నవ్వాను, తర్వాత ఏడ్చాను, మళ్ళీ మెడలో వేసుకున్నాను. నువ్వు చెప్పలేదని నేనూ చెప్పలేదు. ఇద్దరం కలిసి పదిహేనేళ్ళు ఒక పిండిపురుగుని కాపాడుకొచ్చాం.

నీ ఉత్తరంలో వెంట్రుక సంగతీ కాలు సంగతీ ఉన్న కాగితం పెద్దసారుకి ఇచ్చాను. చదివి, "ఎవరి పెద్దమ్మయినా ఉత్తరం రాస్తుందమ్మా" అన్నారు. కానీ కాలు అన్నచోట వేలు ఆపి, రెండోసారి చదివారు. పురుగుని బయటినుంచి తెచ్చి పెట్టేవాడు అతుకు పక్కన గుంట తవ్వి పెడతాడు కానీ, దాని కాలు రెండు ముక్కలు చేసి రెండు పెచ్చుల్లోనూ పెట్టడు. ఇది ఆయనకీ తెలుసు. కాలు సరిగ్గా అతుకు గీత మీదే విరిగిందా లేదా అన్నది యంత్రం కింద మళ్ళీ చూడాలి. విచారణ రోజు అందరి ముందూ చూస్తామన్నారు. అప్పటిదాకా సొరుగు తెరవరు.

అతికిన మనిషి వచ్చి చెప్పాలట. రాకపోతే ఉత్తరం లెక్కలోకి రాదు.

వస్తే నిన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: "ఎప్పుడైనా రాయిలో పురుగుని పెట్టావా?" అని. నిజం చెబితే నీ మాటే పట్టుకుని, "ఒకదాంట్లో పెట్టినావిడ ఇంకోదాంట్లో పెట్టదా?" అంటారు. లేదని చెబితే నా మెడలో సాక్ష్యం వేలాడుతోంది. నిన్ను అబద్ధమాడమని అడగలేను. అంత దూరం రమ్మనీ అడగలేను. రైలు, మెట్లు, పదిమంది చదువుకున్నవాళ్ళు నీ చుట్టూ. పైగా నీ జుట్టు ఇప్పుడు నెరిసిపోయింది. నల్లటి వెంట్రుక చూపించి నాదంటే నవ్వుతారేమో.

రాకపోయినా నేనేమీ అనుకోను. ఇది నిజంగానే రాస్తున్నాను.

జీరంగి


మేడమెట్ల కింది గది,
ఏప్రిల్ 27

జీరంగీ,

నీ మెడ ఎలా ఉంది? అల్లుడి మోకాలు? మనవరాలికి ఎడమ మేజోడు జారుతోందా? ఇప్పుడు అడగొచ్చు కదా.

అన్నీ ఆలోచించాను. రైలు ఆలస్యమైతే, నా పక్కన కూర్చున్నవాడికి దగ్గుంటే, దిగాల్సిన చోట నిద్రపోతే, రెండో అంతస్తు మెట్ల మీద కాలు జారితే, ఆ పదిమందీ నాకు అర్థంకాని మాటల్లో అడిగితే. అన్నిటికీ భయమే. నువ్వు "రాకపోయినా ఏమీ అనుకోను" అన్నావే, దానికి ఇంకా ఎక్కువ భయం వేసింది. అది మీ అమ్మ మాట. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నాతో అంది, నేను ఆ రోజు పని ఉందని ఆగిపోయాను.

నీకిచ్చిన పెట్టెలో ఇంకో రెండు అతికిన రాళ్ళున్నాయి. నీళ్ళచుక్కలా ఉన్నదాంట్లో ఉంగరాల జుట్టావిడ వెంట్రుక ఉంటుంది, మెలి తిరిగి ఎర్రగా. పలకలా ఉన్నదాంట్లో పొట్టిది, బిరుసుది. అది బట్టతలాయన మీసం. ముందు ఈ మాట రాసి ఇస్తానని, ఆ తర్వాతే సొరుగు తెరిచి యంత్రం కింద పెట్టమని మీ పెద్దసారుతో చెప్పు. అప్పుడు వెంట్రుకలు పెట్టడం అతికేవాళ్ళ పద్ధతా, నీ దొంగతనమా ఆయనకే తెలుస్తుంది. ఆ వెంట్రుకలు లేకపోతే నన్ను అబద్ధాలకోరనమను. గుండ్రటిదాన్ని ముట్టుకోవద్దను. పోలీసుకి ఏ అతుకూ లేదు.

నా సాన ముక్క, గుడ్డ, సూది తెస్తున్నాను. పగిలిన రాయి ఒకటి ఇమ్మను, వాళ్ళ ముందే అతుకుతాను, బూడిదలో మూడు రోజులు ఆగితే చాలు. చెయ్యి వణికేది టీ గ్లాసుకే. నిన్న పాత పూస ఒకటి పట్టుకుని చూశాను, వణకలేదు. అతుకులో ఇప్పుడు పెట్టేది తెల్ల వెంట్రుక అవుతుంది. నల్లది వాళ్ళ దగ్గర ఉంది, తెల్లది నా దగ్గర ఉంది. మధ్యలో ఉన్న ఏళ్ళన్నీ నిన్ను పెంచినవే. అడిగితే అదే చెబుతాను.

పిండిపురుగు సంగతి వాళ్ళు అడిగేదాకా ఆగను. గుమ్మంలో అడుగుపెట్టగానే నేనే ముందు చెబుతాను. నువ్వు ఆ గొలుసు తీసి చిక్కుడుగింజ పక్కన పెట్టు. ఒకటి నేను చేసింది, ఒకటి నేను చెయ్యలేనిది. కళ్ళున్నవాళ్ళు చూసుకుంటారు. సిగ్గుపోతే నాది పోతుంది. నీ సంతకం నిలబడదులే, అది తప్పే, ఒప్పుకో. పక్కన నిలబడి, అబద్ధం నాదని నేను ఒప్పుకుంటాను.

పురుగుకి నా పేరు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు దాన్ని బతికించు.

కోపం పడతానన్నావుగా, అదీ అక్కడే కానిద్దాం. ఉత్తరంలో కోపం చదవాలంటే నాకు కళ్ళద్దాలు సరిపోవు.

స్టేషనుకి అల్లుణ్ణి పంపకు, మోకాలు. నువ్వు రా. జనంలో నన్ను గుర్తుపట్టలేవేమోనని నీలం శాలువా కప్పుకుంటాను. కిటికీ వైపే కూర్చుంటాను.

మే 7, గురువారం, సాయంత్రం నాలుగున్నర బండికి దిగుతాను.

పెద్దమ్మ